నలభై వాల్యూమ్

మరగనివ్వకు, అన్నాడు ఆర్వో.
గిన్నె అడుగున ముత్యాలంత బుడగలు లేచాయా,
మంట తగ్గించు.
ఉడుకు పట్టిన ఎముక తన కొవ్వు తనే తాగేస్తుంది,
ఆ పసుపు ఇక ఏ జన్మకీ వదలదు.

షెడ్డు తలుపుకి అడ్డంగా నడుమెత్తు మంచు.
ప్రొపేన్ పొయ్యి మీద డేగిసా,
డేగిసాలో తలకాయ,
షాంపూ తొట్టిలో మెడ వాల్చిన నా బేరాల్లా
కళ్ళు పైకి పెట్టి.

నాకు తలల సంగతి తెలుసు.
సుపీరియర్ సరస్సుకి ఇవతల, మిల్లు మూతపడిన ఊళ్ళో
మూడు కుర్చీల సెలూన్ నాది.
ఏ తల ఎక్కడ చదునో
ఏ చెవి వెనక పాత కుట్లున్నాయో
వేళ్ళే చెబుతాయి.
లోపలి తలని చూడటం ఇదే మొదలు.

డెల్లా కొట్టిన మొదటి దుప్పి.
పద్నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళ నాన్న తుపాకీ,
వాళ్ళ నాన్న నారింజ రంగు కోటు
చేతులు రెండు మడతలు పెట్టుకుని.
నవంబరు పదిహేను, సెడార్ చిత్తడి అంచున
తెల్లవారీ వారకముందే ఒకే దెబ్బ.
మాంసం ఫ్రీజర్లో సర్దాం. తల నా చేతికిచ్చి
"తెల్లగా చెయ్యమ్మా, నీకు చేతనవును కదా" అంది.

చేతనవును.
కంటి గుంటల్లో గరిట కాడ తిప్పాను.
మెదడు కొక్కేనికి అందలేదు,
నీటి గొట్టం పెడితే బూడిదరంగు గంజిలా జారింది.
ముక్కు లోపల కందిరీగల గూటికన్నా పల్చని చుట్టలు,
వాటి జోలికి మాత్రం పోలేదు.
మొదటి రోజు పులుసు వాసన.
మూడో రోజుకి దాన్ని పులుసు అనలేం.

తర్వాత గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, ఐదు వారాలు.
నూనె తేలుతుంది, పారబోస్తాను, మళ్ళీ పోస్తాను.
ఊడిన పళ్ళు దగ్గుబిళ్ళల డబ్బాలో.

బ్లీచ్ వద్దు, పొడైపోతుంది,
నీ కొట్లో ఉన్నదే మేలు, అన్నాడు ఆర్వో.
నలభై వాల్యూమ్ క్రీము.
పెళ్ళికి ముందు ఇర్మెలి జుట్టుని బంగారం చేసింది అదే.
కొమ్ముల మొదళ్ళకి టేపు చుట్టాను,
నుదుటికి బ్రష్షుతో పూశాను,
కవరు కప్పి హీటరు పక్కన పెట్టి
అలవాటు కొద్దీ గడియారం చూసి
"కదలకు" అన్నాను.

కడిగితే,
నడినెత్తిన వంకర్లు పోయే నల్లని అతుకు,
ఎవరో తొందరలో గొలుసుకట్టుగా రాసిపారేసినట్టు.
తలరాత అంటే ఇదే కాబోలు.
చదవబోతే ఒక్క అక్షరమూ కూడిరాదు.

మరి ఎడమ కంటి కింద ఆ బొడిపె?
ఎముక ఒకప్పుడు విరిగి, వంకరగా అతుక్కుని,
నడుమ శనగగింజంత సీసం,
దాని చుట్టూ పొలానికిలా గట్టు.
ఆర్వో కళ్ళజోడు పైకి నెట్టాడు.
"రెండేళ్ళ కిందటిది. మూడూ కావచ్చు.
మానింది. మేసింది. ఇంత పెరిగింది."

మూడేళ్ళ కిందట ఓయివా
చీకటిపడ్డాక వచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాడు.
తగిలింది, నెత్తురు చూశాను, అన్నాడు.
చిత్తడి దాకా వెంబడించాను, అన్నాడు.
మేం నవ్వాం, ఏటేటా ఉండే కథేగా అని.
ఫిబ్రవరిలో గుండె ఆగేదాకా
అన్నం ముందు అప్పుడప్పుడూ ఆ మాటే:
"ఎక్కడో పడి ఉంటుంది, చావలేక."

ఆయనదో కాదో.
ఆ చిత్తడి చుట్టూ వందమంది వేటగాళ్ళు,
సీసం మీద పేర్లుండవు.

పుర్రెకో బుద్ధి.
పీకేసి పుట్టీ పెడదామన్నాడు ఆర్వో, చూపుకి బాగోదని.
డెల్లా వద్దంది. ఎందుకో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఇప్పుడది బూట్ల అర పైన, ఓక్ చెక్క మీద ఉంది.
జూలై ఉక్కకి సీసం చుట్టూ
సన్నటి పసుపు తేలింది.
ఇంకో వారం నానబెట్టాల్సింది.
క్రీము డబ్బా ఇంట్లోనే ఉంది,
మూత తీయలేదు.