చింతచెట్టు మీదుగా

డేరా అద్దెది. సిమిలిగుడలో
ఫొటోస్టాట్ కొట్టువాడి దగ్గర, రాత్రికి మూడువందలు.
సంచిలో మేకులు పన్నెండుండాలి, పదకొండే ఉన్నాయి.
పన్నెండో తాడుకి రాయి కట్టాడు సునాధర్,
మాతో కొండెక్కిన పరజా కుర్రాడు.
గాలి ఆ రాయినే నమ్మింది,
మేకుల్ని రాత్రంతా అనుమానించింది.

దారిపొడుగునా వలిసెలు పూసి
కొండ మోకాళ్ల దాకా పసుపు రాసుకుంది.
పైన మాత్రం ఏమీ లేదు.
గడ్డి, గాలి,
టవరు కాలి కింద ముడుచుకున్న ఎవరిదో కుక్క.

చీకటి పడ్డాక దీపాలు లెక్కపెట్టాం.
అదిగో సునాబెడ, ఫ్యాక్టరీ వరస.
ఇటు చిల్లరగా ఒలికినది పొట్టంగి.
ఆ వెనక మిణుకుతున్నవి
సాలూరు ఘాటీ దిగే లారీలన్నాడు సత్యారావు,
కాదు, అరకు వైపువంది మా హైమ.
ఫోను ఏదీ తేల్చుకోలేక
ఓసారి ఒడియాలో, ఓసారి తెలుగులో
స్వాగతం చెప్పింది,
కదలకుండా కూర్చున్న మాకు.

సొరబుర్రలోంచి చోడంబలి వంచాడు సునాధర్.
సత్యారావు గోంగూర సీసా మూత విప్పాడు.
గిన్నెలు మూడే. వంతులేసుకున్నాం.

నాన్న కబురు ఎత్తింది నేనే.
చలికి మాటలొస్తాయి.
నరసన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చాడు,
కొలాబ్ మీద ఆనకట్ట లేస్తున్న రోజుల్లో,
కాంక్రీటు కలిపే మిషను మీద కూలీకి.
నేను రేకుల షెడ్డులో పుట్టాను.
సిమెంటు గోతాం మీద పడుకోబెట్టేవారట,
నీ దగ్గు అక్కడిదేరా అనేది అమ్మ.
"ఆ గోడలో, మూడో గేటు పక్కన
మా నాన్న చెప్పు ఒకటి ఉండిపోయింది,
రెండోది ఏం చేసుకుంటానని
దాన్నీ లోపలికి విసిరేశాడు" అన్నాను.
ఎప్పుడు చెప్పినా నవ్వొచ్చే కథ.
హైమ నవ్వింది. సత్యారావు నవ్వాడు.
సునాధర్ మంటలోకి ఇంకో పుల్ల తోశాడు.

రెండింటికి గాలి లేచింది.
డేరా కడుపు లోపలికి పీల్చి, వదిలి, మళ్లీ పీల్చి.
హైమ చల్లటి పాదాలు నా దుప్పట్లో దూర్చింది,
ఆరేళ్లప్పటిలా.
గడ్డి మీద మంచు గట్టిపడే చప్పుడు ఉంటుందా?
విన్నాననుకున్నాను.

తెల్లారేసరికి లోయలన్నీ మబ్బు నిండి
కొండకొమ్ములు మాత్రం తేలుతున్నాయి.
"నాన్నా, చెరువులా లేదూ?"
"అవును" అన్నాడు సునాధర్,
"కింద ఊళ్లున్నాయి."

జీపులో గంటన్నర. అసలు నీళ్ల దగ్గరికి.
మమ్మల్ని చూడగానే తెలుగులోనే కేకేశాడు పడవాయన,
"ఏటి బాబూ, ఎటేపు?"
సోంపేట నుంచి వల భుజానేసుకొచ్చి ముప్పయ్యేళ్లట.
నీటిలోంచి మోడులు లేచి ఉన్నాయి,
హాజరు పిలిచాక చెయ్యి దించడం మరిచిన పిల్లల్లా.
మధ్యలో ఒకచోట తెడ్డు ఆపి
"ఇక్కడ సేప బాగా పడతాది.
కింద సింతసెట్టుంది" అన్నాడు.

సునాధర్ అంచుకి వంగాడు. పడవ అటు ఒరిగింది.
"మా అజా నాటింది" అన్నాడు.
ఊరి పేరు చెప్పాడు.
నేను రెండుసార్లు అడిగాను.
రెండుసార్లూ నా నోట్లో తప్పుగా తిరిగింది.
మూడోసారి అడగలేదు.

నీళ్లలోకి చూశాను.
నా మొహమే, కొంచెం పచ్చగా, కొంచెం పొడుగ్గా.
చెప్పు కథ ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నాను,
ఇదిగో మీకు చెప్తున్నాను.

"కాయలు మరీ పులుపట, అమ్మ అనేది.
ఊరందరిదీ ఒకటే తిట్టట ఆ చెట్టు మీద"
అని నవ్వాడు సునాధర్.
ఈసారి మాకు నవ్వు రాలేదు.
వల పడింది. రెండు చేపలొచ్చాయి.
పెద్దది తనే తీసుకున్నాడు, అడక్కుండా.
సత్యారావు ఏదో అనబోయి
నన్ను చూసి ఊరుకున్నాడు.

ఒడ్డున డేరా ఆరబెట్టి మడిచాం.
మొత్తం ఇల్లు చంకలో పట్టింది, ఆరు నిమిషాల్లో.
పదకొండు మేకులు.
"రాయి కూడా తేవాల్సింది, జ్ఞాపకంగా" అంది హైమ.
"అది అక్కడిది" అన్నాడు సునాధర్.

సిమిలిగుడలో కొట్టువాడు
సంచి బోర్లించి లెక్కపెట్టి
పోయిన మేకుకి నలభై రూపాయలు అడిగాడు.
మేం పోగొట్టింది కాదని
సత్యారావు గొంతు పెంచాడు.
నేను వాదించలేదు.
జేబులో తడిగా ఉన్న నోట్లు
ఒక్కొక్కటే విడదీసి ఇచ్చాను.