తొందర కూర

ఐదూ నలభైకి లీలామహల్ సర్కిల్లో కంపెనీ బస్సు.
ఐదింటికి నేనింకా కొర్లగుంటలో
జడ కూడా అల్లుకోకుండా
టమాటాలు కోస్తా ఉంటా.

ఈ కూర నేర్పింది యాన్.
చైనా నుంచి మూడు నెలల పనికి
రేణిగుంట ఫ్యాక్టరీలో మా లైనుకు వచ్చింది.
రవ్వంత స్క్రూ ఎట్ల బిగించాలో
నా వేలు పట్టుకుని చూపించిన మనిషి.
ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.
మధ్యలో ఒక ఫోను.
ఒకరోజు క్యాంటీన్ సాంబారు ముందర కూర్చుని
దాంట్లో ఏదో చెప్పింది.
అది మొగ గొంతుతో, మర్యాదగా, తెలుగులో పలికింది:
"ఇది నా అమ్మ యొక్క తొందర."

నవ్వి నవ్వి నాకు పొలమారింది.

చెయ్యడం ఇంతే.
నాలుగు గుడ్లు, చిటికెడు ఉప్పు, గిలక్కొట్టి
పొగలొచ్చే నూనెలో పొయ్యి.
పూరీ మాదిరి పొంగుతుంది, గట్టిపడకముందే తీసెయ్యి.
అదే బాణలిలో ఉల్లికాడ, టమాటా,
నమ్మవు గానీ అర చెంచా చక్కెర.
రసం ఊరినాక గుడ్డును మళ్లా దాంట్లోకి పంపించు,
పుట్టింటికి పోయొచ్చిన పిల్ల మాదిరి.
ఆరు నిమిషాలు.
మంట మాత్రం తగ్గించొద్దు.

మా అత్త మునెమ్మ మొదటిరోజు గడప దగ్గరే నిలబడి
"ఆవాలేవి?" అనింది.
లేవు.
"కరేపాకు?"
లేదు.
"తాలింపు చప్పుడు లేకుండా వండితే
ఈ ఇంట్లో పొయ్యి వెలిగిందని పక్కింటికి ఎట్ల తెలుస్తుందిమే?"
సోయా సాస్ సీసాను తీసకపోయి
మందుల డబ్బాలో పెట్టింది, అయోడిన్ అనుకుని.

టమాటాకు మాకు కొదవ లేదు.
మా ఆయన దొరస్వామి
పలమనేరు నుంచి కోయంబేడుకు లోడు తోలతాడు.
ధర ఉన్నప్పుడు ఒక్క కాయ ఇంటికి రాదు.
ధర పడిపోయినప్పుడు
కోత కూలి కూడా రాని రైతెవరో
"తీసకపోన్నా, నీ పిల్లోళ్లన్నా తింటారు" అని
క్యాబిన్లో పెట్టిన బుట్ట వస్తుంది.
ఆ వారమంతా యాన్ వాళ్లమ్మ తొందర
మా పొయ్యి మీదే.
తియ్యగుందని పిల్లోడు గిన్నె నాకుతాడు.
నాకు ఆ చక్కెర కింద
ఇంకేదో పులుపు తగుల్తుంది.

శనివారం అత్త గుడ్డు ముట్టదు, మమ్మల్నీ ముట్టనియ్యదు.
ఆపొద్దు ఉర్లగడ్డ.
అగ్గిపుల్లల కంటే సన్నంగా తరిగి, కడిగి,
ఎండుమిరపకాయ, ఒక మూత వినిగరు, రెండు తిప్పులు.
"పచ్చిగుంది" అంటుంది అత్త,
రెండోసారి వడ్డించుకుంటా.

అసలు యుద్ధం అన్నం దగ్గర.
రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పొయ్యడం
ఆమెకు నలభై ఏళ్ల అలవాటు.
పొద్దున్నే సద్ది, ఎర్రగడ్డ, ఊరిమిండి.
నాకేమో ఫ్రైడ్ రైసుకు పొడన్నం కావాల,
రాత్రంతా ఆరి, మెతుక్కు మెతుకు అంటనిది.
రెండు దేశాలూ నిన్నటి అన్నాన్నే నమ్ముకున్నాయి.
తేడా ఒక చెంబు నీళ్లు.
ఎన్ని తెల్లారుజాములు మూత తీసి
ఆ నీళ్లలో నా మొహం చూసుకున్నానో.

పోయిన నెల యాన్ వెళ్లిపోయింది.
గేటు దగ్గర నిలబడి ఫోనులో ఏదో పొడుగ్గా చెప్పింది.
సిగ్నల్ లేదు.
తెర మీద చిన్న సున్నా తిరగతానే ఉండింది,
బస్సు కదిలేదాకా.

ఈపొద్దు లేచి వంటింట్లో లైటు వేస్తే
రెండు గిన్నెలు.
ఒకదాంట్లో సద్ది.
రెండోదాని మీద పళ్లెం బోర్లించి,
పిల్లి తొయ్యకుండా పైన పొత్రం.
తీసి చూసినా.
పొడన్నం.
మెతుక్కు మెతుకు.

అత్త అటు తిరిగి పడుకోనుంది,
నిద్రపోయేవాళ్లు అంత కదలకుండా పడుకోరు.

నూనె కాగింది.
ఎందుకో ఆవాల డబ్బాకు చెయ్యి పోయింది.
నాలుగు గింజలు.
చిటపట,
పక్కింటికి తెలిసేంత.