చుక్కలు లెక్కపెట్టే భాష

తుర్కు ఊరి చివర రంగుల ఫ్యాక్టరీలో,
మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసుకునే నెలలో,
నా పని చుక్కలు లెక్కపెట్టడం.

నడుము దగ్గర బుడగలా ఉబ్బిన గాజు గొట్టం.
పై గీత దగ్గర మొదలు, కింది గీత దగ్గర ఆఖరు,
మధ్యలో ఎన్ని రాలితే అన్ని.
చుక్క ఊరికే రాలదు.
కొసన వేలాడి, లావెక్కి, మెడ సన్నబడి,
ఇంకా కాసేపు పట్టుకునే ఉంటుంది.
ఆ పట్టు పేరే తలతన్యత.
గట్టిగా పట్టుకునే ద్రవానివి పెద్ద చుక్కలు, కొన్నే.
తేలిగ్గా వదిలేసేదానివి చిన్నవి, బోలెడు.

మా ఫిన్నిష్‌లో అంకెలు పొడుగు.
డెబ్బై ఎనిమిది అనాలంటే
సెయిత్సెమాన్‌క్యుమ్మెన్తాకహ్దెక్సాన్.
నోరు మూసేలోగా ఇంకోటి రాలిపోతుంది.
పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం
మంచు పట్టిన టోపీ దులుపుకుంటూ బిర్గెర్ వచ్చి, చూసి, నవ్వాడు:
"మా స్వీడిష్‌లో లెక్కపెట్టు, హిల్క్కా."
షుట్టిఓట్టా.
ఒక్క తుమ్మంత.
ముప్పై ఒక్క ఏళ్ళు ఇంట్లో ఆయన నా భాష మాట్లాడాడు,
ఈ గదిలో నేను ఆయన భాషలో లెక్కపెట్టాను.

మంగళవారం ఓస్మో దిగొచ్చాడు,
పై అంతస్తులో సూత్రాలు రాసే కుర్రాడు.
బెంజైల్ ఆల్కహాల్ ముప్పై తొమ్మిది,
బ్యూటైల్ ఎసిటేట్ ఇరవై ఐదు,
సగం సగం కలిపితే ముప్పై రెండు.
స్కేలు పెట్టి గీసిన గీత చూపించాడు,
ఇంక కొలవడం దండగన్నట్టు.
నేనేం మాట్లాడలేదు.
గొట్టాన్ని ఆసిడ్‌తో కడిగి, ఆరబెట్టి,
నీళ్ళ తొట్టిని ఇరవై డిగ్రీల దగ్గర నిలబెట్టి,
మూడుసార్లు లెక్కపెట్టాను.
మూడుసార్లూ ఇరవై తొమ్మిది దాటలేదు.

మళ్ళీ కడగమన్నాడు. కడిగాను.
వేలి జిడ్డేమో అన్నాడు. గ్లౌజులు చూపించాను.
కాగితం మీద గీత
తడిబట్టలు మోస్తున్న తాడులా మధ్యలో జారింది.

గ్లాసులో సగం సగమే, ఓస్మో.
పైపొరలో కాదు.
పట్టు తక్కువది గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది,
పట్టు ఎక్కువది లోపలి గదుల్లోకెళ్ళి
తనవాళ్ళ చేతులు పట్టుకుంటుంది.
చుక్కకి తెలిసింది ఆ గుమ్మమే.
నువ్వు ఇల్లంతా లెక్కగట్టావు,
గుమ్మంలో ఎవరున్నారని అడగలేదు.

అప్పుడు చెప్పలేదు గాని,
పోయినేడు ఆస్పత్రిలో బిర్గెర్‌కి
ఫిన్నిష్ మొత్తం ఆవిరైపోయింది.
కిటికీ, దుప్పటి, నా పేరు వెనక పిలిచే ముద్దుమాట, అన్నీ.
లోపలినుంచి చిన్నప్పటి దీవి భాష ఒక్కటే వస్తోంది.
అందులో నాకు నూట నలభై దాకా అంకెలు తప్ప
ఏమీ రావు.
మంచం పక్కన సెలైన్ సీసా చూస్తూ
మొదలుపెట్టాను: ఎట్, త్వో, త్రే.
ఆయన పెదాలు కదిలాయి.
ఎక్కడ తప్పానో, రెండుసార్లు సరిదిద్దాడు.

ఇవాళ గురువారం.
ఓస్మో పైపొరకి వేరే లెక్క కట్టుకొచ్చాడు,
ఒక భాగానికి మూడు భాగాలు కలిపితే ఎంతొస్తుందో
కాగితం మీద రాసి, మడిచి, నా కోటు జేబులో పెట్టాడు.
మొదటి చుక్క కొసన లావెక్కుతోంది.
కళ్ళు ఎర్రగా ఉన్నాయి వాడికి, నిద్ర లేనట్టుంది.
ఏదో అడగబోతున్నాడు.

ఆగు.
లెక్కలో ఉన్నాను.