పదకొండున్నర

బాలానగర్‌లో షట్టరు సగం దించి
రోలర్ల మీదికి ఎక్కించాం బండిని.
రెండు తలుపుల జపాన్ బండి, ఇరవై ఏళ్ల పాతది.
నాలుగు పట్టీలతో నేలకు కట్టేశాక
ఎక్కడికీ పోకుండా నూటనలభైలో పరిగెత్తాలి.

బానెట్ కింద కొత్త చుట్టం దిగింది:
నత్తగుల్ల ఆకారం, లోపల అరచేతిలో పట్టేంత చక్రం.
ఇంజను వదిలేసిన పొగ పోతూ పోతూ దాన్ని తిప్పుతుంది,
అది తిరిగి తిరిగి బయటి గాలిని
ఇంజను గొంతులో కుక్కుతుంది.
ఈశ్వర్‌కు ఇదంతా చెప్పాను.
అతనిది కొంపల్లిలో కోళ్ల దాణా వ్యాపారం.
"గాలి ఎక్కువైతే దాణా ఎక్కువ పెట్టాలె, అంతే గదా?"

అంతే.
ఆ మాట అనడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ఒక పాలు పెట్రోలుకు పద్నాలుగు పాయింట్ ఏడు పాళ్ల గాలి.
నింపాదిగా పోయే బండికి చెప్పిన మాట అది.
బూస్టు ఎక్కినప్పుడు పదకొండున్నరకు దించాలి,
మండేందుకే కాదు, చల్లబడేందుకూ కాస్త తాగించాలి.
ఎక్కువైతే నల్లపొగ.
తక్కువైతే పిస్టనుకు చిల్లు.
పొగను నేను క్షమిస్తాను.

మే నెల. రాత్రి పది దాటినా
రేకుల కప్పు పగటిని ఇంకా వదల్లేదు.
ఇంటర్‌కూలర్ ముందు పెద్ద ఫ్యాను,
పక్క సీటు మీద లాప్‌టాప్, తెర నిండా గళ్లు,
గడికో అంకె, కిరాణా పద్దులాగా.
మూడు వేలు. నాలుగు వేలు.
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులా
సన్నగా ఈల మొదలైంది.
ఐదువేల రెండొందల దగ్గర
అంకె చెయ్యి జారింది: పన్నెండు, పన్నెండున్నర, పదమూడు.
కాలు తీసేశాను.

ఆ గళ్లల్లో పెట్రోలు పెంచి రాశాను. మళ్లీ జారింది.
ఇంకా పెంచాను. మళ్లీ.
విస్తరి మీద అన్నం అని రాస్తే
కడుపు నిండుతుందా?

మూలన స్టూలు మీద ముక్రం ఉస్తాద్.
కార్బొరేటర్ల కాలం మనిషి.
రాణిగంజ్‌లో నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి
రెండు చెవులూ వాటికే ఇచ్చేశాడు.
ఇప్పుడు మాట్లాడితే మన పెదాలు చూస్తాడు.
లేచొచ్చి, మూరెడు స్క్రూడ్రైవరు తీసి,
పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి,
మొనను ఇంజెక్టర్ల గొట్టానికి ఆనించాడు.
చేత్తో సైగ: తొక్కు.

తొక్కాను.
దవడ ఎముకలోంచి ఏం పోతోందో నాకెట్లా తెలుస్తుంది?
ఆయన కళ్లు మూసుకున్నాడు.
ఐదువేల రెండొందల దగ్గర
ఒక కనుబొమ్మ లేచింది.

"నీ లెక్కల లేదు బేటా, పంపుల ఉన్నది.
షురూల మంచిగనే ఇస్తది. ఆఖర్ల దమ్ లేదు దానికి."

పాత పంపు చాల్లే,
ఈశ్వర్‌కు నాలుగు పైసలు మిగుల్తాయి,
అన్నది నేనే.

వెనక సీటు ఎత్తితే కింద గుప్పెడు మొక్కజొన్న గింజలు.
ఈశ్వర్ సిగ్గుపడి జేబులో వేసుకున్నాడు.
ట్యాంకు మూత విప్పాం, బల్బు ఆర్పాం,
టార్చి వెలుగులో, పెట్రోలు వాసనకు తల తిరుగుతుండగా
కొత్త పంపు దించేసరికి రెండు కొట్టింది.

చివరి పరుగు.
నాలుగు, ఐదు, ఐదువేల రెండొందలు,
ఆరు, ఆరున్నర.
తెర మీద గీత, కట్టిన దారంలా:
పదకొండున్నర. పదకొండున్నర. పదకొండున్నర.
గుర్రాలెన్ని అని ఈశ్వర్ అరుస్తున్నాడు.
నేను చూళ్లేదు.

ఆపేముందు రెండు నిమిషాలు ఊరికే నడవనివ్వాలి,
చక్రం కాక చల్లారేదాకా.
వెతకాల్సింది ఇంకేం లేదు.
ఫ్యాను కట్టేశాను. ఫతేనగర్ వైపు గూడ్సు బండి పోయింది.
ఆ రెండు నిమిషాలూ ఉస్తాద్
స్క్రూడ్రైవరు నోట్లోంచి తీయలేదు.