ఉన్న ఊలు

జనవరి మొదటి ఆదివారం
మంచం కింది పెట్టెలన్నీ బయటికి లాగి
నేలమీద గుమ్మరించాను.
తొంభై మూడు ఉండలు. లెక్కలోకి రాని తోకలు ఓ గుప్పెడు.
మా ఆయన గుమ్మంలో నిలబడి
"కొండమీద గొర్రెలకి చలేస్తోందేమో కనుక్కో" అన్నాడు.
ఆ మాటకే ఒట్టు పెట్టుకున్నాను,
ఈ ఏడాది ఇంకొక్క ఉండ కొనను.

హాలిఫాక్స్‌లో ఉండి ఇలాంటి ఒట్టు
చేపల రేవులో కూర్చుని మాంసం మానేయడం లాంటిది.
ఒకప్పుడు ఊరంతా మగ్గాల మోతేనట.
మిల్లులు ఆఫీసులైపోయాయి, కాఫీకొట్లయిపోయాయి,
అయినా వానపడితే ఆ నల్లరాతి గోడలు
తడి గొర్రె వాసన వేస్తాయి,
లేక నా ముక్కుకే అలా అలవాటైందో.
మార్కెట్లో డోరీన్ ఊలుకొట్టు దగ్గర
బాకీపడ్డదానిలా తల తిప్పుకుని
అవతలి వరసలో నడుస్తున్నాను.
"నీలం వచ్చింది, నీ నీలం!" అని కేకేస్తుంది.
నా నీలం ఏదో ఆమెకి తెలుసు. అదే నా ప్రాణానికి వచ్చింది.

ఫిబ్రవరంతా చిలకాకుపచ్చ.
సగం ధరకి వస్తోందని పన్నెండు ఉండలు, ఏ మత్తులో కొన్నానో.
టీపాట్‌కి టోపీ,
వేడినీళ్ల సంచీకి చొక్కా,
కుర్చీ కాళ్లకి మేజోళ్లు.
ఇంకా ఒకటిన్నర మిగిలింది.

మార్చిలో పెట్టె అడుగున
పసుపు స్వెట్టరొకటి, చేతుల్లేనిది, మెడ దగ్గర ఆగిపోయింది.
మా ఆఫీసులో షీనా పురిటికని మొదలుపెట్టాను.
ఆ పిల్లకిప్పుడు ముందుపళ్లు ఊడి మళ్లీ వస్తున్నాయి.
కొస పట్టుకుని లాగాను.
వరస వెనక వరస
ఏడేళ్ల కిందటి చలిరాత్రులు పుటపుటా ఊడొచ్చాయి,
కునుకుపట్టి నేను జారవిడిచిన కుట్టుతో సహా.
ఊడిన దారం తిన్నగా ఉండదు.
ఉంగరాలు తిరిగి
తనేం కాబోయిందో ఇంకా వల్లె వేసుకుంటుంది.
గోరువెచ్చటి నీళ్లలో ముంచి
కింద పప్పుగరిటె బరువుకట్టి
స్నానాలగదిలో వేలాడదీశాను.
రెండ్రోజులకి మరిచిపోయింది, చాలావరకు.

ఆ తర్వాత ఎనిడ్ సంచీ.
"పారేయడానికి చేతులు రాలేదు" అని
పక్కింటి క్లిఫర్డ్ గారు డిసెంబర్లో ఇచ్చి వెళ్లారు.
కొన్నది కాదు కాబట్టి ఒట్టుకి భంగం లేదు.
బూడిదరంగు మేజోడు ఒకటి పూర్తయింది.
రెండోది నాలుగు సూదుల మీద,
మడమ తిరిగి, పాదం సగంలో.
ఆమె కుట్టు బిగువు.
ముప్పైయేళ్లు తివాచీ మిల్లులో
తెగిన పోగులు ముడేసిన వేళ్లు.
నాది వదులు.
ఒక నంబరు సన్నసూదులు తీసుకుని
ఆమె ఆపిన చోట ఎత్తుకున్నాను.
ఎక్కడ ఆమె అయిపోయి నేను మొదలయ్యానో
కంటికి ఆనదు. వేలికి తెలుస్తుంది.

బొటనవేలి దగ్గర ఉండ ఖాళీ.
పద్నాలుగు వరసలు బాకీ.
డోరీన్ దగ్గర అచ్చం అదే బూడిదరంగుంది, మూడో అరలో, ఎడమవైపు.
తాడు చాలకపోతే నుయ్యి పూడ్చుకోవాలనేది మా నాయనమ్మ,
కోపంగా అనేదో నవ్వుతూ అనేదో గుర్తులేదు.
పూడుద్దామంటే
క్లిఫర్డ్ గారి పాదం పదకొండో నంబరు.
వెళ్లి పప్పుగరిటె విప్పాను.

ఆయన గుమ్మంలోనే తొడుక్కున్నారు, గోడకి చెయ్యి ఆనించి.
ఒక కాలు నిండా బూడిద,
రెండోదానికి పసుపు ముక్కు.
చాలాసేపు కిందికే చూశారు.
"ఎనిడ్ అయితే విప్పేసేది" అన్నారు.
వేళ్లు ఆడించారు.
చెత్తడబ్బా బయటపెట్టాలని గుర్తొచ్చి
అలాగే వానలోకి అడుగేయబోయి
ఆగి,
వెనక్కొచ్చి బూట్లు వెతుక్కున్నారు.

ఏప్రిల్. ఇంకా డెబ్బై నాలుగు.
నిన్న మార్కెట్లో
డోరీన్ కొట్టు వదిలి నా వెనకే వచ్చి
చెయ్యి పట్టుకుని అడిగింది,
ఒంట్లో బాగానే ఉంటోందా అని.