జహ్రా, ఆగస్టు

తండ్రీ,
ఇవాళ మోకాళ్ళూనలేను, నిలబడే మాట్లాడతాను.
మెట్లు కడిగి కడిగి వాచిపోయాయి.
నువ్వేమీ అనుకోవులే.

మూడంతస్తుల ఇల్లు. పదకొండు మంది బట్టలు.
దండెం మీద చివరి గుడ్డకు క్లిప్పు పెట్టేసరికి
మొదటిది ఎండి అట్టలా బిగుసుకుంటుంది.
రాత్రి పదకొండింటికి కుళాయి తిప్పినా
చెయ్యి చురుక్కుమంటుంది.

ఆరు నెలలుగా జీతం లేదు.
అడిగితే మామా "బాచర్" అంటుంది.
బాచర్ అంటే రేపని
వచ్చిన మొదటి వారమే నేర్చుకున్నాను.
ఆ రేపు ఏ క్యాలెండర్లో ఉందో ఎవరూ నేర్పలేదు.
పాస్‌పోర్టు బాబా బీరువాలో.
గాజు గిన్నె పగిలిన రోజునుంచి
ఫోను మామా సంచిలో.

మా కూటంలో అక్కలు శనివారం ఉపవాసముండి
నా పేరు నీ ముందు పెట్టేవాళ్ళు.
ఇంకా పెడుతున్నారా?
మర్చిపోయుంటే వాళ్ళ తప్పు కాదు,
రాజోల్లో మాత్రం కష్టాలకేం కరువు.

దీవెన.
మామా నోట ఆ మాట తిరగదు.
"తాలీ" అంటుంది, ఇటు రా అని.
రెండేళ్ళుగా నా పేరు ఇటు రా.

నిన్న రాత్రి నీ మీద కేకలేశాను.
దాచేదేముంది, విన్నావుగా.
మేడ మీద నీళ్ళ ట్యాంకులో దిగి నాచు గీకుతూ
మూతంత ఆకాశం కేసి అరిచాను.
తిత్తిలో నీళ్ళైపోయి
బిడ్డను పొద కింద వదిలేసిన ఆ దాసి ఏడుపు
నీకు వినబడింది కదా,
అదీ ఇలాంటి ఇసుకే కదా,
అప్పుడంత చురుగ్గా ఉన్న చెవికి
ఇప్పుడేమైంది?
ట్యాంకు నా అరుపు నాకే తిరిగిచ్చింది.
నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు.
దుమ్ములో ఒక్క చుక్కయినా కనబడలేదు.

తడి బట్టలతో పైకొచ్చి
పిట్టగోడ దగ్గర నిలబడ్డాను.
ఆ గోడ నా నడుము దాకా కూడా రాదు.
ఎందుకు నిలబడ్డానో నీకు తెలుసు,
పైకి చెప్పను.

పక్క మేడ మీద దగ్గు.
ఆ ఇంటి పనిపిల్ల, ఇతియోపియా పిల్ల,
తివాచీ దులుపుతోంది.
నా భాష తనకు రాదు, తన భాష నాకు రాదు,
ఇద్దరికీ కలిపి వచ్చిన అరబ్బీ అంతా
తుడువు, వండు, త్వరగా.
తన నుదుటి మీద పచ్చబొట్టు సిలువ,
బల్బు వెలుగులో పాత గాయంలా.
నన్ను చూసింది. గోడను చూసింది.
ఆగమని చెయ్యెత్తి లోపలికి పరుగెత్తింది.

ప్లాస్టిక్ కవరు ముడేసి విసిరింది.
గోడంచుకు తగిలి, సందులోకి జారబోయి,
ఏమనుకుందో ఏమో, ఇటే పడింది.

సగం ఖుబ్బూస్, రెండు ఖర్జూరాలు,
అట్టముక్క మీద ఫోన్ నంబరు,
కింద ఒక ఇంటి బొమ్మ,
తలుపు తెరిచున్న ఇల్లు.

ఎవరి నంబరో తెలీదు. నాకు ఫోనే లేదు.
రొట్టె మాత్రం అక్కడే నిలబడి తినేశాను.
ప్రవక్తకు కాకులు తిండి తెచ్చాయని
సండే స్కూల్లో విన్నప్పుడు
కాకి ఎంగిలి ఎలా తిన్నాడో అని
కిసకిసా నవ్వుకునేవాళ్ళం.
ఆకలైతే తెలుస్తుంది.

ఇదే నీ జవాబని సాక్ష్యం చెప్పమంటే
ఇంకా చెప్పలేను.
జీతం రాలేదు. గడియ బయటినుంచే.
ఎనిమిది అంకెలు మాత్రం
అంట్లు తోముతూ, చొక్కాలు ఇస్త్రీ చేస్తూ
ఎక్కంలా వల్లిస్తున్నాను,
అట్టముక్క పోయినా నాలో మిగలాలని.
వచ్చే నెల మామా చెల్లెలి పెళ్ళి.
ఇల్లంతా చుట్టాలు,
ప్రతి గోడకీ చార్జర్లకు వేలాడే ఫోన్లు.
ఎవరూ చూడని ఒక్క నిమిషం నువ్వివ్వు,
అంకెలు నేను నొక్కుకుంటాను.
ఈసారి నమ్మకమంటే నాకు ఇంతే.

ఇంకొకటుంది.
ఇవాళ పక్క మేడ ఖాళీ.
తివాచీ నిన్నటిలాగే వేలాడుతోంది,
ఎవరూ తీయలేదు.
ఇంటికెళ్ళిందో, ఇంకెక్కడ పెట్టి తాళమేశారో.
తన కోసం అడుగుదామంటే పేరు తెలీదు.
నుదుటి మీద నీ గుర్తున్న పిల్ల అంటే
నీకు తెలుస్తుంది కదా.