ముప్పై ఆరు

కోట వెనక కూలిన గోడ సందులో
వల కట్టి కూసున్నాం, నేనూ అటెండర్ సారయ్యా.
చీకటి పడ్డాక నాలుగు చిక్కాయి.
ముక్కు మీద ఆకు మడిచి అంటించినట్టున్న చిన్నది,
జామతోటల దిక్కు పోయే కుక్కమూతి పెద్దది.
ఆ రెండే సంచిలో వేశాం. వదిలేసినవి
సారయ్య చొక్కా మీద ఉచ్చ పోసి పోయాయి.

మూడోది మా ఇంటి ట్యూబులైటు దగ్గర తిరిగే బుల్లిది.
అమ్మే చేట మూసి పట్టింది:
"నీ సదువుకు పనికొస్తదా?"

తొడ ఎముక చీపురు పుల్లంత.
దాన్ని కడిగితే వచ్చిన మజ్జ అర చెంచా కూడా లేదు.
రెండుగా చీలబోయే కణాన్ని
చీలకముందే నిలిపేస్తుంది మందు.
చెయ్యెత్తు నుంచి గాజుపలక మీద చుక్క వదిలితే
కణం పగిలి లోపలివన్నీ చెల్లాచెదురు.
ఊదారంగు పట్టిస్తే
ఒక్కో క్రోమోజోము ఒంటి నిండా అడ్డచారలు.

ఫోటోలు కడిగించి, కత్తెరతో ముక్కలు చేసి
పొడుగు పక్కన పొడుగు, పొట్టి పక్కన పొట్టి పేర్చాను.
కుక్కమూతిదానికి ముప్పై ఆరు.
ఇంటి బుల్లిదానికీ ముప్పై ఆరు.
ఆకుముక్కుదానికి ముప్పై రెండే.
"ఇంకేంది మేడం, ముప్పై ఆరువి రెండూ అక్కచెల్లెండ్లు"
తేల్చేశాడు సారయ్య.
నేనూ నోటుబుక్కులో దాదాపు అదే రాయబోయాను.

ఆదివారం కొత్తవాడలో
నాయిన మగ్గం గుంతలోంచి లేవకుండానే చూశాడు.
సగానికి చిరిగిన జంపఖానా ఎవరి మగ్గం మీదిదో
చార పట్టుకొని చెప్పే మనిషి.
కళ్లద్దాలు నుదుటికెత్తి చాలాసేపు పలకలేదు.
తర్వాత ఆకుముక్కుదాని పొడుగు ముక్కొకటి తీసి
కుక్కమూతిదాని పొట్టివి రెండు పక్కన ఆనించాడు.

"నలుపు, సన్న నలుపు, జాగ, మల్ల నలుపు. సూడు బిడ్డా.
గీ రెండే గది. నడుమ అతుకేసిండ్రు.
ఎవడో గని పనోడే."
బుల్లిదాని ముక్కల్ని చిటికెన వేలితో అవతలికి నెట్టి
"గివి వేరే బజారుయి."

అరుపుతో దారి వెతుక్కునేవి రెండూ ఒక్క ఇంటివనుకున్నాను.
కళ్లు పెద్దవి చేసుకొని పండు వెతికేదేమో
ఆకుముక్కుదానికి దాయాది.

చిన్నప్పుడు కూనపులోళ్లు పటం విప్పి
మా కులం పుట్టుక చెప్తుంటే నిద్రపోయేదాన్ని.
ఏ చీకట్లో, ఎన్ని లక్షల ఏండ్ల కింద పడిందో ఈ అతుకు,
చెప్పడానికి ఏ కూనపులీ రాడు.
నా దగ్గరున్నవి చారలు, జిగురు సీసా.
ఒక్క అతుకుతో చుట్టరికం తేలదు కూడా.
ఇంకా చూడాల్సిన జతలు చాలా ఉన్నాయి.

రాత్రి మళ్లీ బుల్లిదొకటి లైటు చుట్టూ.
అమ్మ చేట తెచ్చింది.
నేను కిటికీ తెరిచి
లైటు ఆర్పేశాను.